తవుడు చెప్పిన చరిత్ర

రైలు మార్గము పుట్టించిన పట్టణములలో ఖరగ్‌పూర్ ఒకటి. బెంగాల్ నాగపూర్ రైల్వే సంస్థ 1887లో ఏర్పడినది. పందొమ్మిదవ శతాబ్దము ముగియు వేళకు మేదినీపూర్ జిల్లాలోని ఎర్రనేల మీద ఆ సంస్థవారి స్టేషను వెలసినది. దాని వెంటనే పెద్ద కర్మాగారమును వెలసినది. 1902లో తూర్పు తీరపు రైలు మార్గములోని ఉత్తర భాగము కూడ ఆ సంస్థకే దక్కినది. ఆ దారి వెంట శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి తెలుగువారు పనికై వచ్చారు; తరతరములుగా అక్కడనే నిలిచిపోయారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము తెలుగునకు అధికార భాషా గౌరవము నిచ్చుటకు సమ్మతించినదన్నచో, అందుకు ముఖ్యకారణము ఈ పట్టణమే.

రైలు మనిషిని తెచ్చినంత సులభముగా అతని వంటను మార్చలేదు. బెంగాలీ గృహస్థునకు నిత్యాన్నము సాధారణముగా ఉప్పుడు బియ్యము. వడ్లను నానబెట్టి, ఆవిరిపై ఉడికించి, ఎండబోసి, అటుపిమ్మట దంచినది. దానిని వారు సిద్ధ బియ్యమందురు. ఉడికించకయే దంచినది ఆతపము. పూజలకును, పూర్వాచారమును పాటించిన వితంతువుల భోజనమునకును అది ప్రత్యేకము. తెలుగు తీరవాసికి మాత్రము ఎక్కువగా ఆ పచ్చి బియ్యమే నిత్యాన్నము. ఒకరి అన్నము వాసన మరియొకరికి గిట్టదు. పొరుగిండ్లవారు నవ్వుకొని ఊరకుండదగిన ఈ రుచిభేదము ఒకప్పుడు ప్రాణములతో ముడిపడిన సంగతి.

ఆ ముడి పేరు బెరిబెరి. ఈ వ్యాధిలో కాళ్ళు తిమ్మిరెక్కును, నడక తడబడును, కొందరికి ఒళ్ళు వాచును, తుదకు గుండె ఓడిపోవును. 1835లో మద్రాసు నందు వెలువడిన మాల్కంసన్ వైద్యగ్రంథములోనే ఉత్తర సర్కారుల పేరు ఈ వ్యాధితో కలిసి కనబడుచున్నది. తరువాతి కాలమున మరమిల్లులు వచ్చి బియ్యమును మరింత తెల్లబరచినవి. భారతదేశమున ఈ వ్యాధి ముఖ్యముగా తెలుగు తీరమునే పట్టుకొనియుండుటయు, ఉప్పుడు బియ్యము తిను ప్రాంతములు చాలవరకు తప్పించుకొనుటయు వైద్యులను ఆలోచింపజేసినది.

సమాధానపు తొలి జాడ జావా ద్వీపమున దొరికినది. అక్కడ డచ్చి వైద్యుడు ఐక్‌మన్ తెల్లబియ్యము తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోవుటయు, తవుడు పెట్టగా కోలుకొనుటయు చూచాడు. ఇది మనుష్యులకును వర్తించునా అని వోర్డర్‌మన్ ఆ దేశపు చెరసాలలను పరిశీలించి 1897లో ఫలితములు ప్రకటించాడు. పాలిషు బియ్యము పెట్టిన 51 చెరసాలలలో 36 చోట్ల బెరిబెరి యుండెను. ముతక బియ్యము పెట్టిన 37 చెరసాలలలో ఒక్కచోట మాత్రమే యుండెను. 1905లో కౌలాలంపూరు నందలి పిచ్చాసుపత్రిలో ఫ్లెచర్ రోగులను రెండు పంక్తులుగా విభజించి, ఒక పంక్తికి పచ్చి తెల్లబియ్యము, రెండవ దానికి ఉప్పుడు బియ్యము పెట్టించాడు. మొదటి పంక్తిలో 18 మంది బెరిబెరితో మరణించారు. రెండవ పంక్తిలో ఒక్కరును ఆ వ్యాధితో చావలేదు. అదే మలయా దేశమున ఉప్పుడు బియ్యము తిను తమిళ కూలీలు ఈ వ్యాధిని తప్పించుకొనగా, తెల్లబియ్యము తిను చీనా కూలీలు దానికి బలియైరి.

భారతదేశమున ఈ విచారణను 1918లో కూనూరు నందు మెకారిసన్ ఆరంభించాడు. పాస్టరు సంస్థలో ఒక గదితో మొదలైన ఆ బెరిబెరి విచారణయే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ అను పేరు వహించినది. అక్కడి సంచాలకుడైన ఎక్రాయిడ్, ఆయన సహచరులు 1940లో భారతదేశపు బియ్యపు సమస్యపై వెలువరించిన గ్రంథము చిక్కుముడిని విప్పినది. ప్రాణాధారమైన థయమిన్ తవుటి పొరలోను, అంకురములోను ఉండును. వడ్లను నానబెట్టి ఉడికించినపుడు అది గింజ లోపలికి ఇంకును. పిమ్మట మిల్లు పైపొరను ఒలిచినను చాలవరకు మిగులును. పచ్చి బియ్యమునకు ఆ రక్షణ లేదు. మిల్లు కొంత తీసికొనిపోగా, కడుగు నీరు కొంత, వార్చిన గంజి కొంత తీసికొనిపోవును. తవుడును, కుడితియు పశువుల పాలాయెను. మిగిలిన తెల్లదనము మనిషి పాలాయెను.

మొక్కలనుండి వచ్చినదంతయు మేలు చేయునని మాత్రము తలచరాదు. బెంగాలులో 1877 నాటినుండి కలకత్తా మొదలుగా మరియొక వాపువ్యాధి పలుమార్లు చెలరేగినది. చాలకాలము దానిని బెరిబెరి యనియే భ్రమించారు. బలురక్కసి గింజల నూనె ఆవనూనెలో కలియుటయే దానికి కారణమని 1926లో సర్కార్ సూచించాడు. తరువాతి పరిశోధనలు దానిని స్థిరపరచినవి. తెలుగువాని వ్యాధి అన్నమునుండి పోయిన పదార్థము వలన, బెంగాలీవాని వ్యాధి నూనెలోనికి వచ్చిన పదార్థము వలన కలిగినవి. రెండును కంటికి కనబడనివే.

బెరిబెరి నేడు అరుదు. మధుమేహము, గుండెజబ్బు మొదలగు దీర్ఘవ్యాధులు ఇప్పటి శత్రువులు. ఈ సందర్భమున విద్వాంసుల చూపు మరల తవుటిపై పడినది. పీచు, మెగ్నీషియము, ఫెరులిక్ ఆమ్లము, ఒరిజనాల్ మొదలగునవి అందున్నవి. 2010లో వెలువడిన అమెరికా పరిశీలన ఒకటి దినమునకు 50 గ్రాముల తెల్లబియ్యమునకు బదులు ముడిబియ్యము తినువారిలో మధుమేహపు భయము 16 శాతము తక్కువగా ఉండగలదని అంచనా వేసినది. ఇది పరిశీలన మాత్రమే. ముడిబియ్యము తినువారి ఇతర అలవాట్లు కూడ వేరైయుండవచ్చును. తెల్లబియ్యపు అపకారమును నిరూపించిన ఆసుపత్రి పంక్తుల వంటిది కాదు.

మరియొక హెచ్చరిక ఫిన్లాండునుండి వచ్చినది. కూరగాయలలోని బీటా కెరొటీన్ క్యాన్సరును వారించునను ఆశతో, పొగత్రాగు 29,133 మందిపై పరీక్ష జరిపారు. 1994లో ఫలితము తెలిసినది. ఆ మాత్రలు తిన్నవారిలో శ్వాసకోశ క్యాన్సరు తగ్గలేదు సరికదా, 18 శాతము హెచ్చినది. ఆహారము నుండి ఒక గుణమును విడదీసి గుళికగా మ్రింగినంత మాత్రమున అది ఆహారము కాజాలదు. థయమిన్ లోపము ఒక్క పదార్థముతో తీరినది. దీర్ఘవ్యాధి అంత సుళువుగా లొంగునది కాదు.

ఖరగ్‌పూర్ వీధులలో ఆతపమును తిను ఇల్లును, సిద్ధ బియ్యమును వండు ఇల్లును ఇప్పటికిని ప్రక్కప్రక్కనే యున్నవి. వడ్లను ఉడికించిన బెంగాలీ ఇల్లాలికి విటమిను పేరు తెలియదు. దంపుడు బియ్యమును విడిచి మిల్లు బియ్యమును మెచ్చుకొన్న తెలుగు ఇల్లాలికిని తెలియదు. మొదటి ఆచారము తెలియకయే కాపాడినది, రెండవ మోజు తెలియకయే హరించినది. కనుక ఒక పొరను పారవేయుటకు ముందు అందేమున్నదో విచారించుట మంచిదని ఆ రెండు ఇండ్ల చరిత్ర తెలుపుచున్నది.