సిద్ధాంతగ్రంథంలో సొంత పని: బిరుదురాజు రామరాజు పరిశోధన నుంచి నేటి అశోక్ నగర్ దాకా

వ్యాససంగ్రహం:

డాక్టరేటు కోసం చేసే పనిని పరిశోధకులే స్వయంగా చేయాలన్న నియమాన్ని సాధారణంగా నీతికి సంబంధించిన విషయంగా చూస్తారు. అది అంతకన్నా ముందు పరిశోధన పద్ధతికి సంబంధించిన విషయమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1956లో డాక్టరేటు పొందిన ఆచార్య బిరుదురాజు రామరాజు జానపద గేయ పరిశోధనను ప్రధాన ఆధారంగా తీసుకుని, నేటి పరిస్థితులతో పోల్చి చూస్తుంది.

కీలక పదాలు: సిద్ధాంతగ్రంథం, క్షేత్రపర్యటన, జానపద గేయాలు, ఉస్మానియా, అశోక్ నగర్, గ్రంథచౌర్యం.

1. ఉపోద్ఘాతం:

హైదరాబాదులో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ ప్రాంతాలు పోటీపరీక్షల అభ్యర్థులకు చిరునామా. కోచింగ్ కేంద్రాలు, హాస్టళ్లు, జిరాక్స్ దుకాణాలు, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం ఒకదానినొకటి ఆనుకుని ఒక చదువుల పేటను నిర్మించాయి. ఇక్కడ అన్నిటికన్నా విలువైన సరుకు ‘మెటీరియల్’. ఎవరో తయారు చేసిన నోట్సు నకలై, చేతులు మారి, వేలాది మందికి చేరుతుంది. అందులో తప్పేమీ లేదు. పోటీపరీక్షలో అడిగే ప్రశ్నకు జవాబు ముందే ఉంది. అభ్యర్థి దానిని గుర్తుంచుకుని సకాలంలో రాయగలడా అన్నదే పరీక్ష.

అశోక్ నగర్ నుంచి ఉస్మానియా ప్రాంగణం కొద్ది కిలోమీటర్ల దూరమే. కాని పోటీపరీక్షకు, డాక్టరేటు పరిశోధనకు మధ్య ఉన్న దూరం చాలా ఎక్కువ. పరిశోధనలో జవాబు ముందుగా ఉండదు, ఉంటే ఆ పరిశోధన అవసరమే లేదు. ఈ తేడాను మరచి, మెటీరియల్ అలవాటును సిద్ధాంతగ్రంథానికి తెచ్చినప్పుడు పోయేదేమిటో గ్రహించడానికి రామరాజు పరిశోధన ఉపకరిస్తుంది.

2. అచ్చులో లేని ఆధారం:

వరంగల్లు ప్రాంతంలోని దేవనూరు గ్రామంలో 1925లో జన్మించిన రామరాజు, ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ అనే అంశంపై పరిశోధించి 1956లో ఉస్మానియా నుంచి పిహెచ్.డి. పొందారు. 1958లో అది గ్రంథంగా వెలువడింది. తెలుగు జానపద సాహిత్యంపై వచ్చిన తొలి సిద్ధాంతగ్రంథంగా దానికి పేరు.

అంతకు ముందు ఈ రంగంలో పని జరగలేదని కాదు. జె. ఎ. బాయిల్ 1874లోనే సర్వాయి పాపడి కథాగేయాన్ని ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో పరిచయం చేశారు. నేదునూరి గంగాధరం వంటివారు పాటలను శ్రద్ధగా సేకరించారు. అయినా తెలంగాణ పల్లెల పాటల్లో ఎక్కువ భాగం అప్పటికింకా పాడేవారి గొంతులోనే ఉంది. అచ్చుపుస్తకాల అల్మరా ముందు కూర్చుని ఆ పాటలను వర్గీకరించడం ఎవరికీ సాధ్యం కాదు. పల్లెకు వెళ్లాలి, పాడేవారిని ఒప్పించాలి, వినాలి, రాసుకోవాలి. ఆ పని జరిగాకే వర్గీకరణ, విశ్లేషణ. సిద్ధాంతం చెప్పడానికి ముందు ఆధారాన్నే సమకూర్చుకోవలసి వచ్చిన పరిశోధన అది.

3. సేకరణలోనే నిర్ణయం:

సేకరణ యాంత్రికమైన పని అనీ, ఎవరు చేసినా ఒకటే అనీ ఒక అభిప్రాయం ఉంది. జానపద గేయం విషయంలో ఆ అభిప్రాయం నిలవదు. దంపుడు పాటలో వచ్చే ‘సువ్వి’ అన్న మాటను కాగితం మీద చూసినవారికి అది అర్థం లేని ఊతపదంగా తోచవచ్చు. రోటి పక్కన నిలబడి విన్నవారికి అది రోకటిపోటుకు తోడుగా పడే మాట అని తెలుస్తుంది. బతుకమ్మ పాటలో ‘ఉయ్యాలో’ అన్న పల్లవి ఒకరు చెప్పి పదిమంది అందుకునే తీరుకు గుర్తు. పాట ఎవరు పాడారు, ఏ పనిలో పాడారు, పక్క ఊరిలో ఏ చరణం మారింది అన్న వివరాలు పాఠంలో ఉండవు, పాడిన సందర్భంలో ఉంటాయి. ఆ సందర్భంలో లేనివారికి వాటిని అడగాలన్న ఆలోచనే రాదు.

ఇలాంటి సేకరణ చరిత్రకారులకు కూడా ఆధారమైంది. జె. ఎఫ్. రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు 1980లో రాసిన వ్యాసంలో సర్వాయి పాపడి గురించి పారశీక చరిత్రకారుడు ఖాఫీఖాన్ చెప్పిన దానిని, తెలుగు కథాగేయం చెప్పిన దానిని పక్కపక్కన పెట్టి చూశారు. ఆస్థాన చరిత్రకు దొంగగా కనిపించినవాడు పాటలో వీరుడు. ఆ పాటను ఎవరూ విని రాసుకోకపోతే ఆస్థానం మాటే ఏకైక సాక్ష్యంగా మిగిలేది.

4. అందరికీ అందే ఆధారంపై సొంత పని:

క్షేత్రపర్యటన అవసరం లేని అంశాలలో సొంత పని అంటే ఏమిటన్న ప్రశ్న సహజం. సి. నారాయణరెడ్డి ‘ఆధునికాంధ్ర కవిత్వము – సంప్రదాయములు, ప్రయోగములు’ అన్న అంశంపై 1962లో ఉస్మానియాలోనే డాక్టరేటు పొందారు. వెల్చేరు నారాయణరావు ‘తెలుగులో కవితా విప్లవాల స్వరూపం’ 1978లో పుస్తకంగా వచ్చింది. అది కూడా సిద్ధాంతవ్యాసంగా మొదలైనదే. ఈ రెండింటికీ ఆధారమైన కావ్యాలు ప్రతి గ్రంథాలయంలోనూ ఉన్నవే. కొత్తదనం ఆధారంలో లేదు, ఆ ఆధారాన్ని అడిగిన ప్రశ్నలో ఉంది. సంప్రదాయానికీ ప్రయోగానికీ సంబంధమేమిటని ఒకరు అడిగారు. కవిత్వంలోని పెద్ద మార్పులకూ సమాజంలోని మార్పులకూ సంబంధమేమిటని మరొకరు అడిగారు. మూలాన్ని స్వయంగా చదవనివారికి ఇలాంటి ప్రశ్న పుట్టదు. సంగ్రహాలలో అప్పటికే ఎవరో అడిగిన ప్రశ్నలకు జవాబులు మాత్రమే దొరుకుతాయి.

5. సహాయం వేరు, బదులు పని వేరు:

స్వయంగా చేయడమంటే ఒంటరిగా చేయడం కాదు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి 1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది, 1962లో ‘మాండలిక వృత్తి పదకోశం’ తొలి సంపుటంగా వ్యవసాయ పదాలను వెలువరించారు. రైతుల నోటి మాటలను ఊరూరా సేకరించిన ఆ కృషి ఒక్కరి వల్ల అయ్యేది కాదు. సురవరం ప్రతాపరెడ్డి 1934లో వెలువరించిన ‘గోల్కొండ కవుల సంచిక’లో 354 మంది కవులు చేరడానికి కూడా ఎందరో పంపిన రచనలే కారణం. అయితే ప్రశ్న ఎవరిది, ఎంపిక ఎవరిది, తప్పుకు బాధ్యత ఎవరిది అన్న విషయంలో ఈ పుస్తకాలలో సందేహం లేదు. పాడిన గొంతు, దారి చూపిన గురువు, ప్రతిని వెదికి ఇచ్చిన గ్రంథపాలకుడు, టైపు చేసిన చేయి: ఇవన్నీ సహాయాలు. పరిశోధకుని బదులు ఆలోచించడం మాత్రం సహాయం కాదు.

6. నేటి నియమాలు, వాటి హద్దులు:

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో గ్రంథచౌర్య నివారణకు నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం సిద్ధాంతగ్రంథంలో ఇతర రచనలతో సారూప్యం 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం ఉంటే ఆరు నెలల లోపు సవరించి ఇవ్వాలి. 40 నుంచి 60 శాతం ఉంటే ఏడాదిపాటు సవరించిన ప్రతిని సమర్పించే వీలుండదు. 60 శాతం దాటితే నమోదు రద్దవుతుంది.

ఈ నిబంధన అవసరమైనదే. కాని అది కొలిచేది మాటల పోలికను మాత్రమే. కూలికి రాయించిన గ్రంథంలోనూ, యంత్రంతో రాయించిన గ్రంథంలోనూ సారూప్యం సున్నా కావచ్చు. ఒక్క వాక్యమూ దొంగిలించకుండానే మొత్తం పనిని వదులుకోవచ్చు.

ఈ పరిస్థితికి అభ్యర్థులను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. ఉద్యోగం చేస్తూ, కుటుంబాన్ని పోషిస్తూ పరిశోధించేవారికి పల్లెకు వెళ్లే తీరిక, ప్రయాణానికి డబ్బు రెండూ కరవే. పట్టా ఉద్యోగార్హతగా మారినప్పుడు ప్రశ్న వెనుకబడి పట్టా ముందుకు వస్తుంది. 2023 జూలైలో సహాయాచార్య నియామకాలకు పిహెచ్.డి.ని తప్పనిసరి కాకుండా చేయడం ఈ ఒత్తిడిని కొంత తగ్గించగల నిర్ణయం. క్షేత్రపర్యటనకు సెలవు, ప్రయాణభత్యం కల్పించడం విశ్వవిద్యాలయాలు చేయవలసిన తరువాతి పని.

7. ముగింపు:

రామరాజు డాక్టరేటుతో ఆగలేదు. ఆ తరువాత దశాబ్దాల పాటు తాళపత్ర ప్రతులను, మరుగునపడిన కవుల వివరాలను వెదికి వెలికితీశారు. 1995లో భారత ప్రభుత్వం ఆయనను జాతీయాచార్యులుగా గౌరవించింది. సిద్ధాంతగ్రంథం కోసం స్వయంగా తిరిగి నేర్చుకున్న పనే ఆ తరువాతి పనికి పెట్టుబడి అయింది. ఇతరుల చేత రాయించుకున్నవారికి పట్టా దక్కవచ్చు, ఈ పెట్టుబడి దక్కదు.

మౌఖిక పరీక్షలో అడగదగిన ప్రశ్నలు కొన్ని చాలా చిన్నవి. ఈ పాట ఎక్కడ విన్నారు? ఈ ప్రతిని ఎవరి ఇంట చూశారు? ఈ రెండు పాఠాలలో దీనినే ఎందుకు తీసుకున్నారు? వీటికి జవాబులు ఏ దుకాణంలోనూ నకలుగా దొరకవు. పరీక్షకులు శాతాలను చూసిన తరువాత ఈ ప్రశ్నలను కూడా తప్పక అడిగే సంప్రదాయం ఏర్పడితే, సొంత పనిని కాపాడడానికి అది బలమైన నియమమవుతుంది.