విసిరే చెయ్యి, అందుకునే చెయ్యి

సాకేత్‌లో పెద్ద మాల్స్ వరసగా ఉన్న ప్రెస్ ఎన్‌క్లేవ్ రోడ్డుకు అవతల ఖిర్కీ ఊరు, దాని పక్కనే సత్‌పులా. 14వ శతాబ్దంలో మహమ్మద్ బిన్ తుగ్లక్ కోటగోడలో భాగంగా కట్టించిన ఆనకట్ట అది. కమానులు మిగిలాయి, నీళ్లు పోయాయి. ఢిల్లీలో ఇంత ఖాళీ జాగా కనిపిస్తే ఏమవుతుందో తెలిసిందే, క్రికెట్ మైదానమవుతుంది. పాయింట్‌లో ఉన్న కుర్రాడు వంగి బంతి అందుకుని, నిటారుగా లేవకుండానే పక్కవాటుగా వికెట్లకేసి విసిరితే, మా వయసువాళ్లకు హైదరాబాదు అజారుద్దీన్ గుర్తొస్తాడు.

క్రికెట్లో అది ముచ్చటగొలిపే విద్య. బేస్‌బాల్లో అదే బతుకుదెరువు. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడేవాణ్ని షార్ట్‌స్టాప్ అంటారు. 2023 జులై 9న సియాటెల్‌లో జరిగిన మేజర్ లీగ్ బేస్‌బాల్ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, టొరంటో బ్లూ జేస్ జట్టు 20వ ఎంపికగా ఒక షార్ట్‌స్టాప్ పేరు చదివించింది: అర్జున్ నిమ్మల. వయసు 17. ఇండియా నుంచి వలస వెళ్లిన దంపతుల కొడుకు, ఫ్లోరిడాలోని డోవర్‌లో స్ట్రాబెర్రీ క్రెస్ట్ హైస్కూల్ విద్యార్థి. నిమ్మల అనే ఇంటిపేరు ఎవరిదో తెలుగువాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో చేరతానని అంతకుముందు ఇచ్చిన మాటను పక్కనపెట్టి, సుమారు 30 లక్షల డాలర్లకు సంతకం చేశాడు. అప్పటి మారకంలో పాతిక కోట్ల రూపాయలకు అటూఇటూ.

అంతకు పదిహేనేళ్ల ముందు మన దేశం నుంచి ఇద్దరు కుర్రాళ్లు అమెరికా బేస్‌బాల్లోకి వెళ్లిన కథ చాలామందికి తెలుసు. ఉత్తరప్రదేశ్‌కు చెందిన రింకూ సింగ్, దినేశ్ పటేల్, ఇద్దరూ జావెలిన్ విసిరేవాళ్లు. జె.బి. బెర్న్‌స్టీన్ అనే అమెరికన్ ఏజెంట్ నడిపిన 'మిలియన్ డాలర్ ఆర్మ్' టీవీ పోటీలో మెరిశారు, 2008 నవంబరులో పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. 2014లో సినిమా కూడా వచ్చింది. దినేశ్ 2010లోనే ఇంటికి వచ్చేశాడు. రింకూ కింది లీగుల్లో కొన్నేళ్లు నెగ్గుకొచ్చి, గాయాలతో ఆగి, తర్వాత కుస్తీ ప్రదర్శనల్లో వీర్ మహాన్‌గా తేలాడు.

ఆ పోటీ వెతికింది చేతుల్ని. బ్యాటర్‌కు బంతి వేసే పిచర్‌గా నిలబడి విసరాల్సిన దూరం 60 అడుగుల 6 అంగుళాలు, మన 22 గజాల పిచ్ కంటే కాస్త తక్కువే. బలమైన భుజం ఉన్న ఇరవై ఏళ్లవాడికి ఆ ఒక్క పనీ నేర్పగలమనే ఆశ మరీ పిచ్చిది కాదు. తల్లి వైపు భారతీయ మూలాలతో 2024 సెప్టెంబరులో టెక్సాస్ రేంజర్స్ తరఫున మేజర్ లీగ్‌లో అడుగుపెట్టిన కుమార్ రాకర్ కూడా పిచరే.

షార్ట్‌స్టాప్‌ను అలా టీవీ పోటీ పెట్టి ఏరలేరు. బేస్‌కూ బేస్‌కూ మధ్య 90 అడుగులు. కొట్టినవాడు మొదటి బేస్ చేరడానికి నాలుగు సెకన్ల పైచిలుకు. ఆలోగా నేల మీద ఎగుడుదిగుడుగా వచ్చే బంతి ఏ గెంతు దగ్గర దొరుకుతుందో లెక్కగట్టాలి, గ్లవ్‌లోంచి వట్టి చేతిలోకి మార్చాలి, ఒంటికాలి మీదైనా సరే మైదానం అడ్డంగా విసరాలి. తప్పితే స్కోరు పుస్తకంలో అతని ఖాతాలోనే 'ఎర్రర్' పడుతుంది. (మన స్కోరు పుస్తకంలో మిస్‌ఫీల్డింగ్‌కు గడి లేదు. ఉంటే ఎంతమంది మహానుభావుల పరువు పోయేదో!) ఆ లెక్క చిన్నప్పటి నుంచి వేల బంతులు పడితేగానీ ఒంటబట్టదు. అందుకే భారతీయ సంతతి షార్ట్‌స్టాప్ ఇక్కడి మైదానంలోంచి కాక, పిల్లల లీగులు ఊరూరా నడిచే ఫ్లోరిడాలోంచి వచ్చాడు. ఇక్కడ అమెచ్యూర్ బేస్‌బాల్ సమాఖ్య 1983లోనే పుట్టింది, 2019లో మేజర్ లీగ్ ఢిల్లీలో ఆఫీసు తెరిచి బడుల్లో పిల్లలకు ఆట పరిచయం చేయడం మొదలుపెట్టింది. ఏడెనిమిదేళ్ల వయసులో గ్లవ్ తొడిగిన ఢిల్లీ పిల్లలు ఇంకా పెద్దవాళ్లు కావాలి.

డ్రాఫ్ట్ అయ్యాక అర్జున్‌ది కింది లీగుల్లో ఊరూరా బస్సుల్లో తిరిగే బతుకు. 2024లో బ్లూ జేస్ కింది జట్టు డనీడిన్‌లో మొదలుపెట్టాడు, ఇంటికి దగ్గరే. ఆరంభం ఘోరం. బంతి తగలట్లేదని కోచ్‌లు కొన్ని వారాలు మ్యాచ్‌లు మాన్పించి, బ్యాట్ తిప్పే తీరును సరిచేయించారు. తిరిగొచ్చాక మోత మోగించాడు. ఏడాది చివరికి 17 హోమ్‌రన్లు. ఆ మధ్య వారాలే నాకు అన్నిటికంటే ఇష్టం. ఎంపిక రోజున 'మనోడు' అని మురిసిపోయిన మనలో ఎంతమంది అప్పుడు అతని స్కోరు చూశాం?

2025లో మరో మెట్టు పైకి, వాంకూవర్‌కు పంపారు. తనకంటే వయసులో పెద్దవాళ్లయిన పిచర్ల ముందు బ్యాటింగ్ సగటు పావు దాటలేదు, అంటే నాలుగు ప్రయత్నాలకు సగటున ఒక్క హిట్ కూడా లేదు. పందొమ్మిదేళ్లవాడికి అది తీర్పేం కాదు, అలాగని తీసిపారేసే అంకె కూడా కాదు. బ్లూ జేస్ మెట్లలో వాంకూవర్ తర్వాత న్యూ హాంప్‌షైర్, ఆ తర్వాత బఫెలో. బఫెలో నుంచి టొరంటోకు కారులో రెండు గంటలు.