ఇంజన్ ఆయిల్ చెప్పే కబుర్లు

మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో తేలిన బోలెడుమందిలో నేనూ ఒకణ్ణి. చదివినదాంట్లో చాలామటుకు ఎగిరిపోయింది గానీ, ఒక్క సంగతి మాత్రం సర్వర్లు చూసుకునే ఈ ఉద్యోగంలోనూ తరచూ గుర్తొస్తుంటుంది. అదే ఇంజన్ ఆయిల్ పరీక్ష.

యంత్రంలో రెండు లోహాలు రాసుకుంటుంటే ఎంతోకొంత అరుగుతాయి. ఆ పొడి ఎక్కడికి పోతుంది? మధ్యలో తిరిగే నూనెలోకే! కాబట్టి ఇంజన్ విప్పకుండానే, కాస్త నూనె తీసి చూస్తే లోపల ఏం అరుగుతోందో చెప్పొచ్చు. మనకి రక్తపరీక్ష చేసినట్టన్నమాట.

దీన్ని పద్ధతిగా వాడింది మొదట రైల్వేవాళ్ళు. 1940ల్లో అమెరికాలో ఆవిరి ఇంజన్ల స్థానంలో డీజిల్ ఇంజన్లు వస్తున్న రోజుల్లో, డెన్వర్ అండ్ రియో గ్రాండే వెస్టర్న్ అనే రైలు కంపెనీ తన ఇంజన్ల నూనెని స్పెక్ట్రోమీటర్‌తో పరీక్షించడం మొదలుపెట్టింది. నూనెని విద్యుత్ మెరుపులో మండిస్తే ఒక్కో లోహం తనదైన రంగు కాంతినిస్తుంది. ఇనుము పెరిగిందా, సిలిండర్లో రింగులో అరుగుతున్నట్టు. రాగి, సీసం పెరిగాయా, బేరింగుల్ని అనుమానించాలి. సిలికాన్ పెరిగిందంటే ఎయిర్ ఫిల్టర్ దాటి దుమ్ము వస్తోందేమో చూడాలి. 1950ల మధ్యలో అమెరికా నావికాదళం ఇదే పద్ధతిని విమానాలకి తెచ్చింది. ఇంజన్ చెడితే రైలు పట్టాల మీద ఆగుతుంది, విమానం సంగతి అలా కాదు కదా!

ఒక్క రీడింగుతో ఏమీ తేలదు. పోయినసారి ఎంత, ఈసారి ఎంత, మధ్యలో ఇంజన్ ఎన్ని గంటలు తిరిగింది, నూనె మార్చారా... ఇవన్నీ కలిపి చూడాలి. నూనె మార్చగానే అంకెలు తగ్గిపోతాయి, జబ్బు మాత్రం అక్కడే ఉంటుంది. సర్వర్ రీస్టార్ట్ చేసి "ఫిక్స్ అయిపోయింది" అనేవాళ్ళు ఇది గమనించాలి :)

అసలు చిక్కు ఇంకోటుంది. స్పెక్ట్రోమీటర్‌కి సుమారు పది మైక్రాన్ల లోపు కణాలే సరిగ్గా కనిపిస్తాయి. అంతకన్నా పెద్దవి ఆ మెరుపులో పూర్తిగా ఆవిరి కావు. మామూలు అరుగుదలలో వచ్చేవి చిన్న కణాలు. బేరింగు నిజంగా పగుళ్ళిచ్చి పెచ్చులూడుతున్నప్పుడు వచ్చేవే పెద్దవి. అంటే ప్రమాదం ముదిరిన సమయంలోనే రిపోర్టు పద్ధతిగా కనిపించే అవకాశముంది!

ఈ ఖాళీని పూరించడానికి 1970ల మొదట్లో అమెరికాలోనే వెర్నన్ వెస్ట్‌కాట్ ఫెర్రోగ్రఫీ తెచ్చాడు. బలమైన అయస్కాంతం మీద వాలుగా పెట్టిన గాజు పలక మీదుగా నూనెని పారిస్తే, ఇనుప కణాలు పెద్దవి ముందు, చిన్నవి తర్వాత వరసగా అతుక్కుంటాయి. వాటిని మైక్రోస్కోపులో చూస్తారు. పల్చటి పొరల్లాంటివి మామూలు అరుగుదల. లేత్ మిషను దగ్గర పడే చుట్టల్లాంటివి కనిపిస్తే గట్టి పదార్థమేదో లోహాన్ని కోస్తున్నట్టు. గుండ్రటి బంతులు కనిపిస్తే బేరింగు అలసిపోతోందేమోనని అనుమానం.

అయితే ఇందులోనూ లోపాలున్నాయి. అయస్కాంతానికి రాగి, అల్యూమినియం అంతగా దొరకవు. పైగా చూసే మనిషికి అనుభవం కావాలి, టైమూ పడుతుంది. అందుకే రెండోది వచ్చిందని మొదటిదాన్ని పారెయ్యలేదు. ఒకటి ఎంత అరిగిందో చెబుతుంది, రెండోది ఎలా అరిగిందో చెబుతుంది.

మన డాష్‌బోర్డులన్నీ పచ్చగా వెలుగుతున్నప్పుడు నాకొచ్చే అనుమానం ఇదే. సమస్య లేకనా, లేక మన మీటరు కొలవలేనంత పెద్దదయ్యా? మీ టీముల్లో దీనికి ఏం చేస్తున్నారో చెప్పండి.