వెన్ను బిగిసిన వారికి కన్ను ఎందుకు ఎర్రబడుతుంది? ఒక వ్యాధి, దాని చికిత్సల చరిత్ర

చాలా నెలలుగా నడుమునొప్పితో బాధపడుతున్న యువకునికి ఒకనాటి ఉదయము ఒక కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేకపోతాడు. ఇంట్లోవారు కండ్లకలక అనుకుంటారు. మందుల దుకాణములో ఏదో చుక్కలమందు కొని వేస్తారు. నడుముకూ కంటికీ సంబంధము ఉండవచ్చునని ఎవరికీ తోచదు. అందులో వారి తప్పు లేదు. ఆ సంబంధానికి మూలమేమిటో తెలుసుకోవడానికి వైద్యశాస్త్రానికే చాలా కాలము పట్టింది. ఆ కథ తెలిస్తే మీరు మీ కంటిని కాపాడుకోగలుగుతారు.

1690లలో బెర్నార్డ్ కానర్ అనే ఐర్లండ్ వైద్యుడు ఫ్రాన్సులో ఒక విచిత్రమైన అస్థిపంజరమును చూశాడు. అందులో కటి ఎముకలు, త్రికము, వెన్నుపూసలు, పక్కటెముకలు అతుక్కుపోయి ఒకే ఎముకగా మారి ఉన్నాయి. రెండు శతాబ్దముల తరువాత రష్యాలో బెఖ్తెరెవ్ 1893లో, జర్మనీలో స్ట్రుంపెల్ 1897లో, ఫ్రాన్సులో పియెర్ మరీ 1898లో ఈ వ్యాధి లక్షణములను వివరముగా వర్ణించారు. నేడు దీనిని అంకైలోజింగ్ స్పాండిలైటిస్ అంటున్నాము. ఇది సాధారణముగా యౌవనములోనే మొదలవుతుంది. బరువులెత్తడము వలన వచ్చే నడుమునొప్పి విశ్రాంతితో తగ్గుతుంది. ఈ నొప్పి మాత్రము విశ్రాంతితో పెరిగి, కదలికతో తగ్గుతుంది. రోగి తెల్లవారుజామున నొప్పితో మేల్కొంటాడు. ఉదయము చాలాసేపు నడుము బిగిసి ఉంటుంది.

ఇక కంటి సంగతి. కంటిలో ఐరిస్ అనే రంగు పొర, దాని వెనుక కండరముతో కూడిన సీలియరీ భాగము, నేత్రగోళమును లోపలనుండి కప్పే రక్తనాళముల పొర కలిపి యువియా అనబడతాయి. లాటిన్ భాషలో ద్రాక్షపండుకు ఉన్న పేరునుండి ఈ మాట వచ్చింది. యువియా ముందుభాగములో తాపము కలిగితే కన్ను ఎర్రబడుతుంది, లోపల నొప్పి పుడుతుంది, చూపు మసకబారుతుంది, వెలుతురు భరింపరానిదవుతుంది. కండ్లకలకలో ఉండే పుసి ఇందులో ఉండదు. సాధారణముగా ఒకసారికి ఒక కన్నే ఎర్రబడుతుంది. కొన్ని నెలలకో సంవత్సరములకో అదే కన్నుకో రెండవదానికో మళ్ళీ రావచ్చు. వెన్ను వ్యాధి ఉన్నవారిలో సుమారు నాల్గవ వంతు మందికి జీవితములో ఎప్పుడో ఒకప్పుడు ఈ తాపము కలుగుతుంది. కొందరిలో వెన్ను వ్యాధిని గుర్తించక ముందే కన్ను ఆ సంగతి చెబుతుంది.

ఈ రెంటినీ కలిపే దారము 1973లో దొరికింది. లండన్‌లో బ్రూవర్టన్ బృందము, లాస్ ఏంజెలెస్‌లో మరొక బృందము వేరువేరుగా, కణములపై ఉండే హెచ్.ఎల్.ఏ. బి27 అనే ప్రోటీను గుర్తును ఈ రోగులలో కనుగొన్నాయి. లండన్‌లో పరీక్షించిన 75 మంది రోగులలో 72 మందికి అది ఉంది. వ్యాధి లేని 75 మందిలో ముగ్గురికే ఉంది. అదే సంవత్సరము ఆ బృందము కంటి తాపముతో వచ్చినవారిని పరీక్షించగా, సుమారు సగము మందిలో అదే గుర్తు కనిపించింది. అయితే ఒక మాట మరువకండి. బి27 ఉన్నవారిలో ఎక్కువమందికి ఏ వ్యాధీ రాదు. రక్తపరీక్ష ఒక్కటే వ్యాధిని నిర్ణయించదు.

చికిత్సల చరిత్రలో ఉపశమనము వెంట హాని కూడా నడచింది. ఇరవయ్యవ శతాబ్దపు నడిమి వరకు నొప్పి తగ్గించడానికి వెన్నుకు ఎక్స్ కిరణములు ఇచ్చేవారు. ఆ చికిత్స పొందినవారిలో రక్తపు కేన్సరు ఎక్కువగా వస్తున్నదని 1957లో బ్రిటన్‌లో కోర్ట్ బ్రౌన్, రిచర్డ్ డాల్ చూపారు. క్రమముగా ఆ చికిత్స వెనుకబడింది.

1948లో అమెరికాలో ఫిలిప్ హెంచ్, ఎడ్వర్డ్ కెండాల్ కార్టిసోన్‌ను మొదటిసారి కీళ్ళవాత రోగికి ఇచ్చారు. 1950లో వారికి, టాడ్యూష్ రైక్‌స్టైన్‌కు నోబెల్ బహుమతి లభించింది. కొద్దికాలములోనే స్టీరాయిడ్‌లు కంటి చుక్కలుగా మారి, యువియా తాపమునుండి ఎందరి చూపునో కాపాడాయి. కాని దీర్ఘకాలము వాడినవారిలో కంటి కటకము వెనుకభాగాన శుక్లములు ఏర్పడుతున్నాయని 1960లో వెల్లడయింది. కొందరిలో కంటి లోపలి పీడనము పెరిగి నీటికాసులు వస్తాయని కూడా తేలింది. నీటికాసుల వలన పోయిన చూపు తిరిగి రాదు. హెర్పీస్ వైరస్ పుండు ఉన్న కంటిలో ఈ చుక్కలు వేస్తే పుండు మరింత వ్యాపిస్తుంది.

స్టీరాయిడ్ చుక్కలకు తోడు కంటిపాపను విప్పార్చే చుక్కలూ కావాలి. ఉమ్మెత్త కుటుంబానికి చెందిన బెల్లడోనా మొక్కనుండి లభించే అట్రోపిన్ అటువంటిదే. తాపములో ఐరిస్ వెనుకనున్న కటకానికి అతుక్కోకుండా ఇది కాపాడుతుంది. ఆ చుక్కలు వేసిన కొంతకాలము దగ్గరి వస్తువులు మసకగా కనిపిస్తాయి. భయపడవద్దు.

ఈ శతాబ్దారంభములో టి.ఎన్.ఎఫ్. అనే తాపకారక పదార్థమును అడ్డగించే మందులు వెన్ను వ్యాధి చికిత్సలోకి వచ్చాయి. మందు ఎంపికలో కన్ను కూడా లెక్కకు వస్తుందని ఇవి నేర్పాయి. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ కంటి తాపము మళ్ళీ మళ్ళీ రావడమును బాగా తగ్గిస్తాయి. ఎటానర్‌సెప్ట్ వెన్నుకు మేలు చేసినా కంటికి అంతగా తోడ్పడదు. అందుచేత మీ కన్ను ఎప్పుడైనా ఎర్రబడి ఉంటే కీళ్ళ వైద్యునికి తప్పక చెప్పండి. ఈ మందులు శరీరములో నిద్రాణమై ఉన్న క్షయను మేల్కొలపగలవని 2001లోనే తెలిసింది. క్షయ ఎక్కువగా ఉన్న మన దేశములో మందు మొదలుపెట్టక ముందే దానికై పరీక్ష జరగాలి.

నొప్పితో, వెలుతురు చూడలేనితనముతో కన్ను ఎర్రబడితే అదే దినము కంటి వైద్యుని చూడండి. స్లిట్ లాంపు పరీక్షతో తాపకణములు తెలుస్తాయి. క్రిందటిసారి మిగిలిన సీసాలోని చుక్కలు వేసుకోవద్దు. మొదలుపెట్టిన స్టీరాయిడ్ చుక్కలను మీ అంతట మీరు ఒక్కసారిగా మానవద్దు. వైద్యుడు చెప్పినట్లు క్రమముగా తగ్గించండి. కంటి పీడనమును కొలిపించుకోండి. కంటి వైద్యునికి మీ వెన్నునొప్పిని గురించి చెప్పండి. ఆ ఒక్క మాటతో ఏళ్ళ తరబడి గుర్తింపబడని వ్యాధి బయటపడవచ్చు. వెన్ను బిగిసిపోక ముందే చికిత్స మొదలుకావచ్చు.