డిస్కో వెలుగులో కొవ్వలి విజయలక్ష్మి

చిన్నప్పుడు తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు మీదుగా, కొల్లేరు లంకల్లో ఉన్న అమ్మమ్మగారి ఊరికి జాతరకి వెళ్ళేవాళ్ళం. ఒక ఏడు రాత్రి రికార్డు డాన్సు పెట్టారు. 'బావ బావమరిది' (1993) సినిమాలో సిల్క్ స్మిత ఆడిన పాటకి ఒకావిడ ఆడుతోంది. రంగు లైట్లు ఆవిడ ముఖం మీద తిరుగుతున్నాయి. "అటు చూడకే" అంటూ అమ్మమ్మ నా తల ఒళ్ళోకి లాక్కుంది. తెల్లారి బస్సు కోసం నిలబడితే ఆవిడా అక్కడే ఉంది, చంకలో పిల్లాడితో. రాత్రి ఈలలు వేసినవాళ్ళలో ఒక్కరూ పలకరించలేదు. "ఆవిడ పేరేంటి అమ్మమ్మా?" అన్నాను. "దాని పేరుతో నీకేం పనే" అంది.

చాలా ఏళ్ళ తర్వాత ఒక జపాన్ పాట చూస్తుంటే ఆ మాట గుర్తొచ్చింది. ఏకేబీ48 అనే అమ్మాయిల బృందం 2013 ఆగస్టులో విడుదల చేసిన 'కోయిసురు ఫార్చ్యూన్ కుకీ' అది. డెబ్బైల నాటి అమెరికన్ డిస్కో బాణీ, ఎవరైనా వేయగల అడుగులు. అక్కడి ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు, ప్రభుత్వోద్యోగులు కూడా ఆ ఆట ఆడి వీడియోలు తీసుకున్నారు. ఆ పాటలో మధ్యన నిలబడిన సషిహర రినో పాత ప్రేమ గురించి 2012లో ఒక వారపత్రిక రాస్తే, ఆమెని ఫుకువోకాలోని అనుబంధ బృందానికి పంపేశారు. మరుసటి ఏడాది అభిమానుల ఓట్లలో ఆమే మొదటిది. ఆ ఓటు సీడీతో పాటు కొనుక్కునేవాళ్ళు.

అదే 2013 జనవరి చివర, అదే బృందంలోని మినెగిషి మినామి ఒక స్నేహితుడి ఇంట్లో రాత్రి గడిపిందని పత్రికలో వచ్చింది. ఆమె గుండు గీసుకుని, ఏడుస్తూ వీడియోలో క్షమాపణ చెప్పింది. గోదావరి జిల్లాల ఆడవాళ్ళకి గుండు అంటే ఏమిటో వేరే చెప్పాలా? 1881లో రాజమండ్రిలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించింది ఎలాంటి సమాజంలోనో మనకి తెలుసు. ప్రేమించని పిల్లగా కనిపించడమే అక్కడ అమ్మకపు సరుకు.

మన దగ్గర సరుకు వేరు. 1947 మద్రాసు దేవదాసీ చట్టం గుళ్ళకి ఆడపిల్లల్ని అర్పించడాన్ని నిషేధించింది, గుళ్ళలో వాళ్ళ ఆటనీ ఆపింది. కళావంతుల చేతుల్లోని విద్య మర్యాదస్తుల నాట్యంగా సభలకెక్కింది. మర్యాద కాని ఆట సినిమా క్లబ్బు పాటలోకీ, రికార్డు డాన్సు పందిట్లోకీ వచ్చి చేరింది. 'ఖుర్బానీ' (1980)లో బిడ్డు బాణీకి నాజియా హసన్ పాడాక, 'డిస్కో డాన్సర్' (1982) ఆడాక, దక్షిణాది పాటల్నీ డిస్కో కమ్మేసింది. మిథున్ చక్రవర్తికి అది ఒక పాత్ర. శాంతికి మాత్రం ఇంటిపేరైపోయింది, 'డిస్కో శాంతి' అని.

విజయలక్ష్మికి గుడ్డ పేరు పెట్టారు. ఆమె ఏలూరు దగ్గరి కొవ్వలిలో 1960 డిసెంబరు 2న పుట్టింది. చదువు నాలుగో తరగతితో ఆగింది. చిన్నప్పుడే పెళ్ళి చేశారు. ఆ కాపురం వదిలి మద్రాసు వెళ్ళి, నటీమణులకి టచప్ చేసే పనిలో చేరింది. 1980లో తమిళ 'వండిచక్కరం'లో సారా కొట్టు పిల్ల వేషం వేసింది. ఆ పాత్ర పేరే సిల్క్. అది చివరిదాకా ఆమెని వదల్లేదు.

'మూండ్రామ్ పిఱై' (1982)లో, అంటే మన 'వసంత కోకిల'లో, ముసలి హెడ్మాస్టరు పడుచు భార్యగా ఆమె కలగనే పాట ఉంది. ఆ కోరికకి గొంతు ఎస్. జానకిగారిది, ఒళ్ళు స్మితది. గొంతుకి మనం చేతులెత్తి దణ్ణం పెట్టాం. ఒంటిని చూసి తల తిప్పుకున్నాం, వేళ్ళ సందుల్లోంచి చూస్తూనే. కోరిక ఒకటే అయినప్పుడు గౌరవం రెండుగా ఎలా చీలింది? జపాన్ పిల్ల ఎవర్నీ ప్రేమించకూడదు, మన స్మిత అందరికీ అందుబాటులో ఉన్నట్టు కనిపించాలి. రెండు చోట్లా ఆమె ఒళ్ళు ఆమెది కాదు.

1996 సెప్టెంబరు 23న స్మిత మద్రాసులో ఉరేసుకుంది. ముప్పై అయిదేళ్ళు. 2011లో ఆమె పుట్టినరోజునే విడుదలైన 'ది డర్టీ పిక్చర్'కి విద్యాబాలన్ జాతీయ పురస్కారం అందుకుంది. స్మితగా నటిస్తే గౌరవం, స్మితగా బతికితే కాదు.

ఇదంతా రాస్తూ నా పిహెచ్.డి. గ్రంథం మళ్ళీ తీశాను. అందులో సినిమా పాట మీద ఒక అధ్యాయం ఉంది. రాసినవాళ్ళ పేర్లున్నాయి, బాణీ కట్టినవాళ్ళవి, పాడినవాళ్ళవి ఉన్నాయి. ఆడిన ఆడమనిషి పేరు ఒక్కచోటా లేదు. "దాని పేరుతో నీకేం పనే" అన్న అమ్మమ్మ మాటనే నేను పండితుల భాషలో రాసుకొచ్చానన్నమాట.

ఆ జాతరలో ఆడినావిడ పేరు నాకు ఇప్పటికీ తెలీదు. విజయలక్ష్మి పేరైనా తెలిసింది. అక్కడి నుంచైనా మన పాటల చరిత్ర మళ్ళీ రాయడం మొదలుపెట్టాలి.