గోడ తెంచి సముద్రాన్ని పిలిచిన దీవి

లండన్‌లో ఎలిజబెత్ లైన్ రైలు ఎక్కే ఉంటారు కదా. ఆ సొరంగాలు తవ్విన మట్టి అంతా ఏమైందో తెలుసా? అందులో 30 లక్షల టన్నులు ఓడల మీద ఎసెక్స్ తీరంలోని వాలసీ దీవికి చేరాయి. ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

ఎసెక్స్ ఒడ్డు పొడుగునా పోటుకు మునిగి, ఆటుకు తేలే బురద నేలలున్నాయి. ఇక్కడ సాల్ట్‌మార్ష్ అంటారు, మన తీరం వాళ్ళయితే ఉప్పు పర్ర అంటారు. చూడ్డానికి ఎందుకూ కొరగాని నేల. అందుకే వందల ఏళ్ళ పాటు మట్టి కట్టలు పోసి సముద్రాన్ని బయటే ఆపి, లోపల గొర్రెలు మేపారు, పంటలు వేశారు. 17వ శతాబ్దంలో కాన్వీ దీవికి కట్టలు వేయడానికి డచ్చివాళ్ళనే పిలిపించారు.

1953 జనవరి 31 రాత్రి పెనుగాలి, పెద్ద పోటు ఒక్కసారే వచ్చిపడ్డాయి. కట్టలు తెగాయి. జనం నిద్రలో ఉండగానే ఇళ్ళల్లోకి నీళ్ళు! ఇంగ్లండ్‌లో 307 మంది పోయారు. ఒక్క కాన్వీలోనే 58 మంది.

తర్వాత కట్టలు ఇంకా ఎత్తు చేశారు. కానీ అసలు కాపలా కట్ట ముందున్న పర్రదే. అక్కడి మొక్కలు అలల జోరు తగ్గిస్తాయి, నీళ్ళలోని ఒండ్రును పట్టి ఉంచుతాయి, అలా నేల తనంతట తానే పెరుగుతుంది. చేపపిల్లలకు అది పుట్టిల్లు. సైబీరియా నుంచి వచ్చే బ్రెంట్ బాతులకు చలికాలపు విడిది. గాలి ఆడని బురదలో కర్బనం కూడా ఏళ్ళ తరబడి అణిగి ఉంటుంది. సముద్రం పెరిగే కొద్దీ పర్ర వెనక్కి జరగాలి. వెనకేమో గోడ! మధ్యలో నలిగి అరిగిపోతుంది.

అందుకే వాలసీలో 2006లో ఒకసారి, 2015లో మరోసారి కావాలనే కట్ట తెంచారు. కట్ట లోపలి నేల ఎండి కుంగిపోవడంతో, రెండోసారి సొరంగాల మట్టితో ఎత్తు పెంచి మరీ సముద్రాన్ని లోపలికి రానిచ్చారు. ఇప్పుడక్కడ మళ్ళీ పర్ర మొలిచింది, పిట్టలు దిగాయి.

ఇది మనకు తెలియని సంగతేం కాదు. కోరంగిలో మడ అడవి చేసే పనినే, మడ చెట్లు బతకని చలిదేశాల్లో ఈ పర్ర చేస్తుంది. పోగొట్టుకోవడం తేలిక, తిరిగి తెచ్చుకోవాలంటే ఓడల కొద్దీ మట్టి మోయాలి.

ఈసారి ఇంటి నుంచి ఫోన్ చేసి, "సముద్రం దగ్గర చవగ్గా ప్లాటు వస్తోందే, డబ్బు పంపు" అంటే, అది మెరక నేలా, పర్ర పూడ్చిన నేలా అని ఒక్క మాట అడగండి.