దోయం తాలూక్దార్

దోయం తాలూక్దార్ నిజాం హైదరాబాద్ రాజ్యంలో జిల్లా స్థాయి రెవెన్యూ అధికారి. హోదాలో జిల్లా అధిపతి అవ్వల్ తాలూక్దార్ తర్వాతివాడు. ఇంగ్లండు కౌంటీల్లో షెరీఫ్ పేరున పని నడిపిన అండర్ షెరీఫ్‌తో ఈ పదవిని పోల్చవచ్చు. అయితే దోయం తాలూక్దార్‌కు సాధారణంగా కొన్ని తాలూకాలతో కూడిన సొంత డివిజన్ ఉండేది.

పుట్టుక

19వ శతాబ్దం తొలి సగంలో తాలూక్దార్లు చాలావరకు శిస్తు ఇజారాదారులే. ఒప్పుకున్న మొత్తం సర్కారుకు కట్టి, అంతకు మించి రైతుల దగ్గర రాబట్టుకునేవారు. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ ఆ పద్ధతి స్థానంలో జీతం మీద పనిచేసే అధికారులను పెట్టాడు. 1865 జిలాబందీ (జిల్లాల ఏర్పాటు)తో జిల్లాకు అవ్వల్ తాలూక్దార్, అతని కింద దోయం (రెండో), సోయం (మూడో) తాలూక్దార్లు, తాలూకాకు తహసీల్దార్ అనే వరుస స్థిరపడింది.

విధులు

తహసీల్దార్ల పనిని తనిఖీ చేయడం, వారి నిర్ణయాలపై అప్పీళ్లు వినడం ఇతని ముఖ్య విధులు. ఏటా శిస్తు లెక్క తేల్చే జమాబందీలో పట్వారీలు (గ్రామ లెక్కల అధికారులు) పహాణీలు (భూమి, పంట లెక్కలు) ముందుపెట్టేవారు. తరి (మాగాణి) పొలాన్ని ఖుష్కి (మెట్ట) కింద రాశారా, పంట పోయిన రైతుకు మాఫీ దక్కిందా అన్నది అక్కడే తేలేది. అవ్వల్ తాలూక్దార్ కంటే తక్కువ తరగతి మేజిస్ట్రేట్ అధికారాలూ ఇతనికి ఉండేవి. 1921లో నిజాం ఫర్మానాతో న్యాయ, పాలనా శాఖలు విడిపోయాయి.

కరీంనగర్, ఆదిలాబాద్

ఈ అధికారులు పనిచేసిన జిల్లాల హద్దులూ మారాయి. 1905 పునర్విభజనలో ఎలగందుల జిల్లా కేంద్రం కరీంనగర్‌కు మారింది. చెన్నూరు, లక్షెట్టిపేట తాలూకాలు ఆదిలాబాద్‌కు వెళ్లగా, పరకాల వరంగల్ నుంచి కరీంనగర్‌లో చేరింది. 1872 నుంచి సిర్పూర్-తాండూరు ఉపజిల్లాగా ఉన్న ప్రాంతమే ఆదిలాబాద్ జిల్లా అయింది. అడవి భూముల కోసం గోండు నాయకుడు కుమ్రం భీం నడిపిన జోడేఘాట్ తిరుగుబాటును 1940లో అణచివేశాక, ప్రభుత్వం గోండుల స్థితిగతులపై మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చేత అధ్యయనం చేయించింది. 1946లో గిరిజన ప్రాంతాల నిబంధన తెచ్చి, ఆదివాసీ గ్రామాల పాలనను మామూలు రెవెన్యూ వరుస నుంచి కొంత వేరుచేసింది.

తర్వాతి రూపాలు

1948లో హైదరాబాద్‌పై భారత ప్రభుత్వం జరిపిన పోలీసు చర్య తర్వాత తాలూక్దార్ హోదాలు పోయి కలెక్టర్, డిప్యూటీ కలెక్టర్ హోదాలు వచ్చాయి. డివిజన్ బాధ్యత సబ్ కలెక్టర్‌కు లేదా ఆర్డీవోకు దక్కగా, జిల్లాలో రెండో స్థానం కాలక్రమంలో జాయింట్ కలెక్టర్‌దయింది. 2016 అక్టోబరు 11న తెలంగాణలో కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. జగిత్యాల, నిర్మల్, ఆసిఫాబాద్ వంటి డివిజన్ కేంద్రాలకే కలెక్టర్లు వచ్చారు. 2020లో తెలంగాణ ప్రభుత్వం జాయింట్ కలెక్టర్ పదవిని రద్దుచేసి, అదనపు కలెక్టర్లను నియమించింది. రెవెన్యూ ఒకరికి, స్థానిక సంస్థలు మరొకరికి అప్పగించడంతో ఒకప్పటి రెండో స్థానం ఇద్దరి మధ్య పంపకమైంది.